అన్నయ్య ప్రాణం నా మీద అప్పుగా ఉందా?

ఈసారి ఉత్తరం రాసిన పాఠకుడి వయసు 31. పేరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆయనకు 13 ఏళ్లప్పుడు సంఘంలోని యూత్‌తో కలిసి నది దగ్గరికి వెళ్లారు. లోతు తెలియక దిగి కొట్టుకుపోతుంటే, 19 ఏళ్ల అన్నయ్య చొక్కా కూడా విప్పకుండా దూకాడు. తమ్ముణ్ని ఒడ్డున ఉన్నవాళ్ల చేతికి అందేంత దూరం నెట్టగలిగాడు. తను మాత్రం బయటికి రాలేకపోయాడు. దేవుని సేవకు వెళ్లాలని అన్నయ్య ఆ ఏడాదే బైబిల్ ట్రైనింగ్‌కు దరఖాస్తు పెట్టుకుని ఉన్నాడు.

సమాధి దగ్గర పాస్టర్ గారు "తన స్నేహితులకొరకు తన ప్రాణము పెట్టువానికంటె ఎక్కువైన ప్రేమగలవాడెవడును లేడు" అన్న వాక్యం చదివారు. అప్పటినుంచి ప్రతి గుడ్ ఫ్రైడేకీ అన్నయ్య సంగతి ప్రసంగంలో వస్తోంది. "క్రీస్తు మన బదులు ఎలా చనిపోయాడో అర్థం కావాలంటే ఈ కుటుంబాన్ని చూడండి" అంటారట. ఆ మాటతో ముందు వరసల్లోని తలలన్నీ వెనక్కి తిరిగి ఈయన్ని చూస్తాయి. ఇంట్లో అమ్మ మాట ఒకటే: "వాడు నీ కోసం ప్రాణం పెట్టాడు. నువ్వు వాడి బదులు బతకాలి." చదువు అయ్యాక అన్నయ్య స్థానంలో సేవకు రమ్మని అమ్మ పట్టుబట్టింది. ఈయన అకౌంట్స్ ఉద్యోగంలో చేరారు. ఆ నొప్పి అమ్మ మాటల్లో ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది.

కొన్నాళ్లుగా ప్రభువు బల్ల దగ్గర, అంటే యేసు మరణాన్ని గుర్తుచేసుకునే రొట్టె, ద్రాక్షారసం ఇచ్చేచోట, పాత్ర అందుకునేటప్పుడు చెయ్యి వణుకుతోంది. "నీ కోసం చనిపోయాడు" అని పాట మొదలైతే గుండెదడ. షవర్ కింద ముఖం పెట్టి స్నానం చెయ్యలేరు. పెళ్లయింది, రెండేళ్ల బాబు ఉన్నాడు. భార్యకు ఇవేవీ పూర్తిగా తెలియవు. ఈ ఏడాది గుడ్ ఫ్రైడేనాడు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనలో సాక్ష్యం చెప్పమని, అంటే తన అనుభవాన్ని అందరి ముందు పంచుకోమని పాస్టర్ గారు అడిగారు. ఈయన నోరు విప్పేలోపే అమ్మ "తప్పకుండా చెబుతాడు" అనేసింది.

ఉత్తరం చివర ఇలా ఉంది: "ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అన్నయ్య దగ్గరికి రాగానే నేను మెడ పట్టేసుకున్నాను. వదలరా అన్నాడు. వదల్లేదు. మోకాళ్లతో తొక్కి పైకి లేచాను. అందరూ అన్నయ్య ప్రాణం పెట్టాడంటారు. నేనే తీశానేమో. నేను పోయి తను ఉండి ఉంటే అందరికీ బాగుండేది. అన్నయ్యది బలి అయితే ఆ బలి ఎవరు కోరారు? క్రీస్తు నా కోసం చనిపోయాడంటే ప్రేమ అనిపించాలి కదా, నాకు భయం ఎందుకేస్తోంది? సాక్ష్యం చెప్పాలా, వద్దా?"

ఇక నా సమాధానం.

మీరు చివర రాసిన ఆ నాలుగు ముక్కల దగ్గరే మొదలుపెడతాను. 18 ఏళ్లుగా మీరు మోస్తున్నది వాటినే. సంఘం చెప్పే కథ ఒకటి, మీకు గుర్తున్నది ఇంకొకటి. అందరూ మీ వైపు తిరిగి చూసినప్పుడల్లా ఈ రెండింటి మధ్య మీరు నలిగిపోతున్నారు.

నీళ్లలో మునిగిపోయే మనిషి సినిమాల్లో చూపించినట్టు చేతులూపుతూ కేకలు వెయ్యడు. నోరు నీటిపైకి వచ్చే ఆ కాస్త సమయం ఊపిరి తీసుకోవడానికే సరిపోదు. చేతులు వాటంతటవే పక్కలకు చాచుకుని, దొరికినదాన్ని కిందికి నొక్కి తలను పైకి లేపడానికి చూస్తాయి. అప్పుడు చేతికి నీళ్లు తగిలితే నీళ్లను నొక్కుతాయి, మనిషి తగిలితే మనిషిని నొక్కుతాయి. ఫ్రాంక్ పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డు 1970లలో దీన్ని వివరంగా వర్ణించాడు. ఆ స్థితిలో చేతుల కదలిక మనిషి ఇష్టం మీద నడవదని ఆయన చెప్పాడు. అందుకే కాపాడేవాళ్లకు శిక్షణలో ముందు ఒడ్డునుంచి కర్ర అందించమంటారు, లేదా తాడో తేలే వస్తువో విసరమంటారు. ఈదుకుంటూ దగ్గరికి వెళ్లడం ఆఖరి మార్గం. వెళ్లక తప్పకపోతే ఇద్దరి మధ్య తేలే వస్తువు ఒకటి ఉంచమంటారు. మెడ మీద పడ్డ పట్టు విడిపించుకోవడం విడిగా సాధన చేయిస్తారు. మునిగేవాడు మీద పడి పట్టుకుంటాడని, పెద్దవాడైనా బుద్ధిమంతుడైనా పట్టుకుంటాడని, ఆ పని తెలిసిన ప్రతివాళ్లకూ తెలుసు కాబట్టే ఇదంతా.

కాబట్టి "వదలరా అన్నాడు, వదల్లేదు" అన్నచోట మీరు పొరబడుతున్నారు. వదలడమా మానడమా అని ఎంచుకునే స్థితిలో ఆ క్షణంలో 13 ఏళ్ల పిల్లాడు లేడు. అలాగని మీకు ఊరట కోసం అబద్ధం చెప్పను. మీ పట్టు వల్ల అన్నయ్య అలిసిపోయి ఉండవచ్చు, తను రాలేకపోవడానికి అదీ ఒక కారణం అయి ఉండవచ్చు. కారణం కావడం వేరు, నేరం చెయ్యడం వేరు. నది ప్రవాహం కూడా కారణమే, తాడు లేకపోవడం కూడా కారణమే, పిల్లల్ని లోతు తెలియని చోటికి తీసుకెళ్లి దిగనిచ్చిన పెద్దవాళ్లూ కారణమే. విచిత్రం ఏమిటంటే మీ ఉత్తరం మొత్తంలో ఆ పెద్దవాళ్ల ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు. బహుశా ప్రసంగాల్లోనూ వచ్చి ఉండదు.

ఇలా పక్కవాళ్లు పోయి తాము మిగిలినవాళ్లను తినేసే అపరాధభావాన్ని వైద్యులు ఎప్పటినుంచో గమనిస్తున్నారు. నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లకు వైద్యం చేసిన విలియం నీడర్‌లాండ్ 1960లలోనే దీని గురించి రాశాడు. గుండెదడ, చెయ్యి వణకడం, ముఖం మీద నీళ్లు పడితే తట్టుకోలేకపోవడం, ఇవన్నీ మీ విశ్వాసం బలహీనపడిందనడానికి గుర్తులు కావు. భయంకరమైన ప్రమాదాన్ని ఒళ్లు ఇంకా మర్చిపోలేదని చెబుతున్నాయి. దీనికి వైద్యం ఉంది, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఆ బలి ఎవరు కోరారు? ఎవరూ కోరలేదు. క్రైస్తవ విశ్వాసం లోపల నిలబడి చూసినా జవాబు ఇదే. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయిన సంగతి లూకా 13వ అధ్యాయంలో ఉంది. వాళ్లు మిగతావాళ్లకంటే పెద్ద పాపులనుకుంటున్నారా అని యేసే అడిగి, కాదని తనే చెప్పాడు. ఆ చావుల వెనక ఆయన ఏ లెక్కా చూపించలేదు. ప్రమాదంలో పోయిన ప్రతి ప్రాణానికీ దేవుడి దగ్గర రశీదు ఉంటుందనే ఆలోచన ఆయనది కాదు.

బలి గురించి మాట్లాడుకోవాలంటే ముందు బలుల నియమాలున్న పాత నిబంధన పుస్తకం లేవీయకాండం తెరవాలి. మన ప్రసంగాల్లో వినిపించేదానికీ అక్కడ ఉన్నదానికీ కొంచెం తేడా కనిపిస్తుంది. 16వ అధ్యాయంలో ప్రాయశ్చిత్త దినం ఉంది. ఆ రోజు రెండు మేకలు తెస్తారు. ఒకదాన్ని వధించి, దాని రక్తంతో పరిశుద్ధ స్థలాన్ని శుద్ధి చేస్తారు. రెండోదాని తలమీద ప్రధాన యాజకుడు రెండు చేతులూ ఉంచి ప్రజల పాపాలన్నీ ఒప్పుకుంటాడు. పాపాలు మోసే మేక ఇదే, దీన్ని అక్కడ చంపరు. అడవిలోకి తోలేస్తారు. పాపం కంటికి కనిపించనంత దూరం పోవాలి, అంతే. ఇంకోటి, 5వ అధ్యాయంలో మరీ పేదవాడికి ఓ సడలింపు ఉంది. పావురాలు కూడా తేలేనివాడు కొంచెం గోధుమపిండి తెచ్చినా అది పాపపరిహారార్థ బలిగానే లెక్క. పిండిలో రక్తం ఎక్కడుంది? దేవుడు ప్రాణం తీస్తే తప్ప శాంతించడన్న ఒక్క గీత మీదే బలి వ్యవస్థంతా నడిచిందనుకుంటే ఈ రెండు అధ్యాయాలూ కొరుకుడుపడవు.

క్రీస్తు మరణంతో ఆ వ్యవస్థ అంతా ముగిసిందని కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక చెబుతుంది. "ఒక్కసారే" అన్న మాటను ఆ రచయిత మళ్లీ మళ్లీ వాడతాడు. ఇక బలులు అక్కర్లేదని దాని అర్థం. అలాంటప్పుడు 19 ఏళ్ల కుర్రాడి మరణాన్ని ఇంకో బలిగా వేదిక మీద నిలబెట్టడం ఏ సిద్ధాంతానికీ అతకదు. పాస్టర్ గారు చెడ్డ ఉద్దేశంతో చేశారనను. దుఃఖంలో ఉన్న తల్లికి ఏదో ఒక అర్థం అందించాలని మొదలుపెట్టి ఉంటారు. అది ఏటేటా తిరిగొచ్చే ఉదాహరణగా గట్టిపడిపోయింది. నిజానికి ఈ పోలికను అపొస్తలుడైన పౌలు ముందే విడదీశాడు. రోమా పత్రిక 5వ అధ్యాయం చూడండి. మంచివాడి కోసం ఎవరైనా చావడానికి తెగించవచ్చు, అది మనుషుల్లో ఉన్నదే అంటాడు. ఆ తర్వాత "అయితే" అని క్రీస్తు సంగతి వేరుగా మొదలుపెడతాడు.

తేడా చిన్నదేం కాదు. మీ అన్నయ్య చావడానికి దూకలేదు, మిమ్మల్ని తీసుకుని ఒడ్డుకు రావడానికి దూకాడు. మర్నాడు ఇంట్లో ఇద్దరికీ తిట్లు పడతాయని కూడా అనుకుని ఉంటాడు. సువార్తల్లో యేసు మాత్రం తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోవడం లేదని, తనే పెడుతున్నానని తెలిసి చెబుతాడు. అన్నయ్యను క్రీస్తు స్థానంలో నిలబెడితే అన్నయ్యకూ అన్యాయమే. ఆ పోలికలో బతకాలనుకున్న ఓ కుర్రాడు మాయమైపోతాడు. మీరు రాసినదాన్ని బట్టి అన్నయ్య బాగా పాడేవాడు, సైకిల్ చెయిన్ పదేపదే తెంపుకొచ్చేవాడు, మీ నోటుబుక్కుల వెనక బొమ్మలు గీసేవాడు. సంఘంలో ఎంతమందికి ఈ సంగతులు గుర్తున్నాయో నాకు అనుమానమే.

రెండో ప్రశ్న కాస్త లోతైనది, దీని దగ్గర ఎక్కువసేపు కూర్చుందాం. మీకు సిలువ అంటే భయం వేస్తోందంటే, 18 ఏళ్లుగా మీరు విన్నది సిలువ గురించి కాదనుకుంటాను. అప్పు గురించి విన్నారు. నీ కోసం ఒకరు చచ్చారు కాబట్టి నువ్వు తీర్చాలి, ఎంత తీర్చినా తీరదు, అయినా తీర్చుతూనే ఉండాలి. ఇదే కదా మీ చెవిలో పడింది. ఇంట్లో అన్నయ్య పేరుతో, గుడిలో యేసు పేరుతో ఒకే నోటీసు. మీరు అకౌంట్స్ పనిలో ఉన్నవాళ్లు, మీకు ఇట్టే తెలుస్తుంది: బాకీ చెల్లిపోయిందని పుస్తకంలో రాసి, అదే బాకీని ఇంకో పేరు కింద తెరిస్తే దాన్ని చెల్లింపు అనరు.

పౌలు మాటలు దీనికి నేరుగా అడ్డం తిరుగుతాయి. కొలస్సయుల పత్రిక 2వ అధ్యాయంలో, మన మీద ఉన్న రుణపత్రాన్ని దేవుడు తుడిచేసి మేకులతో సిలువకు కొట్టేశాడంటాడు. ఎఫెసీ పత్రికలో "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అంటాడు. రోమా 13లో ఒకరినొకరు ప్రేమించడం తప్ప ఎవరికీ ఏమీ బాకీ ఉండవద్దంటాడు. వరాన్ని తిరిగి తీర్చమంటే అది వరం ఎలా అవుతుంది?

మరి అప్పు భాష ఇంత బలంగా ఎక్కడినుంచి వచ్చిందంటారా? చాలావరకు ఆన్సెల్మ్ దగ్గర్నుంచి. ఈయన కాంటర్‌బరీ ఆర్చిబిషప్, 1098లో "దేవుడు ఎందుకు మనిషి అయ్యాడు" అన్న ప్రశ్న మీద ఓ గ్రంథం ముగించాడు. ప్రభువుల గౌరవ మర్యాదల మీద నడిచే సమాజం ఆయనది. మనిషి దేవుడికి చెల్లించాల్సిన గౌరవాన్ని ఎగ్గొట్టాడు, తీర్చాల్సింది మనిషే కానీ అంత శక్తి మనిషికి లేదు, శక్తి ఉన్న దేవుడికి తీర్చాల్సిన అవసరం లేదు, కాబట్టి దేవుడూ మనిషీ ఒక్కరే అయినవాడు రావాలి. వాదన ఇలా సాగుతుంది. మన ప్రసంగాల్లో సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. ఆన్సెల్మ్ ఆపలేదు. ఇంత ఇచ్చిన కుమారుడికి ప్రతిఫలం రావాలి, కానీ ఆయనకు ఏ లోటూ లేదు, అందుకని ఆ ప్రతిఫలం మనుషులకే చేరుతుంది అని ముగిస్తాడు. అప్పు భాషకు పెద్దదిక్కు లాంటి ఆ పుస్తకంలో కూడా చివరికి మనిషి చేతికి వచ్చేది బిల్లు కాదు.

ఆన్సెల్మ్ తర్వాత కొద్దికాలానికే పీటర్ అబెలార్డ్ అనే ఫ్రెంచి పండితుడు, సిలువ మనలో ప్రేమను రగిలించి మనల్ని మార్చే ప్రేమ అని రాశాడు. 16వ శతాబ్దంలో, న్యాయశాస్త్రం చదువుకున్న ప్రొటెస్టెంట్ సంస్కర్త జాన్ కాల్విన్ చేతిలో అప్పు స్థానంలోకి శిక్ష వచ్చింది: మనకు పడాల్సిన శిక్ష ఆయన భరించాడు. మీ సంఘంలో వినిపించేది ఎక్కువగా ఇదే అయి ఉంటుంది. ఇంకా వెనక్కి, తొలి శతాబ్దాలకు వెళ్తే, క్రీస్తు మరణాన్ని జయించి బందీల్ని విడిపించాడన్న మాటే గట్టిగా వినిపించేది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో ఇప్పటికీ అదే ప్రధానం. విడుదలకు వెల చెల్లించాడంటే ఎవరికి చెల్లించాడని 4వ శతాబ్దంలోనే నజియాంజు గ్రెగొరీ అనే బిషప్ నిలదీశాడు. సాతానుకా? సిగ్గుచేటు. తండ్రికా? అబ్రాహాము ఇస్సాకును అర్పించబోతే వద్దన్న తండ్రికి, తన కుమారుడి రక్తం ఎలా ఇష్టమవుతుంది? ఈ ప్రశ్నలు వేసిన మనిషిని సంఘం వెలివెయ్యలేదు, పరిశుద్ధుడిగా గౌరవిస్తోంది. సంఘాలు ఆరాధనలో చదివే నైసియా విశ్వాస ప్రమాణం 381 నాటి రూపంలో ఆయన మన కొరకు సిలువ వేయబడ్డాడని ఉంటుంది. ఎలా, ఏ లెక్కన అన్నది అందులో లేదు. తర్వాత జరిగిన మహాసభల్లో కూడా ఏదో ఒక్క వివరణే సరైనదని తీర్మానించలేదు.

ఇదంతా చెప్పడం మిమ్మల్ని వాదనకు సిద్ధం చెయ్యడానికి కాదు. సిలువ గురించి ఒకే ఒక్క తీరులో విన్నవాళ్లు, ఆ తీరు మింగుడుపడకపోతే విశ్వాసమే పోయిందనుకుని హడలిపోతారు. మీ ఉత్తరంలో ఆ హడలు ఉంది. అంత అవసరం లేదు.

యేసుకు బదులు జనం విడిపించుకున్న ఖైదీ బరబ్బ సంగతి ఒక్కటి చెప్పి ముందుకు వెళ్తాను. యేసు అక్షరాలా ఒకరి బదులు చనిపోయాడంటే అది బరబ్బ బదులే. ఆ రోజు చావాల్సినవాడు అతను, జైలు తలుపు తెరుచుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత అతనేమయ్యాడో నాలుగు సువార్తల్లో ఒక్క ముక్క లేదు. ఎవరూ వెనకాలే వెళ్లి, ఈ ప్రాణానికి తగ్గట్టు బతుకుతున్నావా అని అడగలేదు. సమాధి నుంచి లేచిన లాజరు మాట్లాడినట్టు కూడా ఎక్కడా రాసి లేదు. బేతనియలో విందులో యేసుతో కూర్చున్నాడని మాత్రం ఉంది. ఆయన్ని చూడ్డానికి జనం వచ్చారు, ఆయన సాక్ష్యం మాత్రం మనకు లేదు.

ఇక మూడోది, సాక్ష్యం. ఇక్కడ మీ ముందు కొన్ని దారులున్నాయి, ఏది పట్టుకున్నా దాని ఖర్చు దానికుంది.

పాస్టర్ గారికి నేరుగా ఈసారి చెప్పలేనని అనవచ్చు. కారణం చెప్పాల్సిన పని లేదు. అమ్మ నొచ్చుకుంటుంది, ఒకరిద్దరు పెద్దలు ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తామంటారు, వారం పది రోజులు ఇంట్లో వాతావరణం బరువుగా ఉంటుంది. దానికి బదులు మీకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

చెప్పాలనే అనిపిస్తే నీళ్ల సంగతి ఎత్తకుండా అన్నయ్య ఎలాంటి మనిషో చెప్పవచ్చు. పాటలు, సైకిలు, బొమ్మలు. అమ్మకు ఇది నచ్చే అవకాశం ఉంది. కాకపోతే మైకు ముందు నిలబడ్డాక ఒళ్లు మీ మాట వింటుందని హామీ లేదు. మీరు చెప్పకుండా వదిలేసిన భాగాన్ని తర్వాత పాస్టర్ గారే పూరించవచ్చు కూడా. అందుకని ఈ దారి పట్టేముందు ఆయనతో స్పష్టంగా మాట్లాడుకోవాలి.

ఉన్నదంతా అక్కడే చెప్పేద్దామనే ఆలోచన కూడా మీకు వచ్చిందని రాశారు. దాన్ని మాత్రం నేను గట్టిగా ఆపుతాను. నిజం చెప్పకూడదని కాదు. ఆ నిజాన్ని అమ్మ మొట్టమొదటిసారి నలుగురి మధ్య, మైకులో వినకూడదు. మీకైతే బరువు దిగుతుంది, ఆమెకు ఆ క్షణంలో ఏడవడానికి కూడా చోటుండదు. ఒకసారి బయటికి వచ్చాక ఆ మాట మీ చేతిలో ఉండదు. వచ్చే ఏడాది దాన్నే ఇంకో ప్రసంగానికి ఉదాహరణగా వాడినా ఆశ్చర్యం లేదు.

పాపం ఒప్పుకోవాలన్న బాధతో అలా అనుకుంటున్నారేమో. మునిగిపోతున్న పిల్లాడు పట్టుకోవడం పాపం కాదు, కాబట్టి ఒప్పుకోలు అవసరమని నేననుకోను. కానీ ఒకరికైనా చెప్పుకోవడం చాలా అవసరం. మొదట భార్యకు చెప్పమంటాను. నెమ్మదిగా, బాబు పడుకున్నాక, "నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు, వింటే చాలు" అని మొదలుపెట్టండి. పాస్టర్ గారికి చెప్పాలనుకుంటే, ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలని ముందే మాట తీసుకోండి. ఏటా మీ కథను వేదిక మీద వాడిన మనిషి కాబట్టి ఆ మాట నిలుస్తుందన్న నమ్మకం మీకు కలిగితేనే నోరు విప్పండి.

అమ్మ విషయం వేరు. ఆమె మిమ్మల్ని అప్పులోకి నెడుతోందని మీకు కోపం ఉంది, న్యాయమే. ఆమె వైపునుంచి చూస్తే, పెద్దకొడుకు ఊరికే పోలేదు, దేని కోసమో పోయాడన్న ఒక్క మాట పట్టుకుని ఆమె ఇన్నేళ్లు నిలబడింది. మీరు మామూలుగా బతికేస్తే ఆ మాట జారిపోతుందని ఆమె భయం. మెడ పట్టుకున్న సంగతి ఆమెకు చెప్పాలా అంటే, ఇప్పుడే వద్దు. ముందు మీరు అది తప్పు కాదని లోపల నమ్మగలగాలి. ఇంకా నేరంలా మోస్తూ చెబితే, ఆమె క్షమించాల్సిన పరిస్థితి వస్తుంది. ఆమె క్షమించినా, క్షమించలేకపోయినా అది ఇంకో ముడి. నెలలు గడిచాక, చెప్పకపోయినా ఫర్వాలేదనిపిస్తే చెప్పకుండా ఉండిపోవచ్చు. అది మోసం కాదు. అన్నయ్య బదులు సేవకు వెళ్లే విషయంలో మాత్రం ఇప్పుడే తేల్చి చెప్పవచ్చు: "అమ్మా, పిలుపు తనకు వచ్చింది, నాకు రాలేదు." అమ్మ వాదిస్తే వాదించనివ్వండి. ఈ ఒక్క విషయంలో మెత్తబడాల్సిన పని లేదు.

వైద్యం గురించి మళ్లీ వస్తానన్నాను. ప్రమాదాల తర్వాత మిగిలిపోయే భయాల మీద పనిచేసే సైకాలజిస్టును గానీ, సైకియాట్రిస్టును గానీ కలవండి. జరిగినదాన్ని కొంచెం కొంచెంగా మాటల్లో పెట్టించి, నేనే చంపానన్న ముగింపును మీ చేతే పరీక్షింపజేసే పద్ధతులు వాళ్ల దగ్గర ఉన్నాయి. ప్రార్థన మానమని వాళ్లెవరూ అనరు. ఎవరైనా అంటే వేరేవాళ్ల దగ్గరికి వెళ్లండి. అలాగే "ప్రార్థన ఉండగా డాక్టరెందుకు" అనేవాళ్ల మాట కూడా పక్కన పెట్టండి. "నేను పోయి తను ఉండి ఉంటే" అన్న వాక్యం నేను రెండుసార్లు చదివాను. అది ఎప్పుడైనా, ఇప్పుడు పోతే బాగుండును అనే దాకా వస్తే, ఎలా పోవాలనే ఆలోచన మనసులో మెదిలితే, గుడ్ ఫ్రైడే దాకా ఆగవద్దు. ఆ రోజే భార్యకు చెప్పి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

సంఘం మారాలా అన్నది ఈ నెలలో తేల్చుకోవాల్సింది కాదు. మారితే ఆ కథ తెలియని మనుషుల మధ్య కూర్చునే సుఖం దొరుకుతుంది, చిన్నప్పటినుంచి మిమ్మల్ని ఎత్తుకు పెంచినవాళ్లు దూరమవుతారు. ఉండిపోతే పాస్టర్ గారితో ఓ ఒప్పందం తప్పనిసరి. ఈ వారమే ఆయనకు మెసేజ్ పెట్టండి. మాటలు దొరక్కపోతే ఇవి వాడుకోండి: "పాస్టర్ గారూ, ఈసారి సాక్ష్యం చెప్పలేను. అన్నయ్య సంగతి కూడా ప్రసంగంలో ఎత్తవద్దని మనవి. అది విన్నప్పుడల్లా నాకు ఆరోగ్యం దెబ్బతింటోంది. వివరంగా తర్వాత మాట్లాడతాను." ఆయన సరే అంటే ఆ రోజు వెనక వరసలో, తలుపు పక్కన, భార్యతో కూర్చోండి. మధ్యలో లేచి వెళ్లాలనిపిస్తే వెళ్లిపోండి. సరే అనకపోతే ఆ ఒక్క శుక్రవారానికి ఇంకో సంఘంలో కూర్చోండి, అమ్మకు ముందురోజే చెప్పండి.